పసుపు కార్డుల జోడు

తలుపు తీస్తే తెల్లటి పొగ.

చలి పొగ. మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లోంచి నేల మీదికి జారి, వనజ పాదాల చుట్టూ కాసేపు తచ్చాడి, మాయమవుతుంది. రెండు తొడుగులు వేసుకున్నా చలి వేళ్ళ దాకా వస్తుంది. మొదట మంట. తర్వాత తిమ్మిరి. ఆ తర్వాత ఏమీ ఉండదు.

ఆ మూడోది వనజకు బాగా అలవాటు.

ఫ్రీజర్ నిండా రక్తం. చిటికెన వేలంత గొట్టాల్లో, గడ్డకట్టి, పేరు లేకుండా, అంకెలతో. కదిరి నుంచి వచ్చింది, మదనపల్లె నుంచి వచ్చింది, చింతామణిది, ఆనేకల్‌ది, జిగణి ఫ్యాక్టరీల్లో పనికొచ్చి అక్కడే ఇల్లు అద్దెకు తీసుకున్నవాళ్ళది. ఊళ్ళు వేరు. తప్పు తీరు ఒకటే. రక్తాన్ని తయారుచేసే రాతలో ఒక్క అక్షరం తారుమారు.

ఒక్క అక్షరం.

దాని వెంటే ఆమె బతుకంతా నడిచింది.

హిందూపురం నుంచి పరిశోధనకని బెంగళూరు వచ్చినప్పుడు ఆమె దగ్గర రెండు చీరలూ, ఒక స్వెట్టరూ, బోలెడంత పట్టుదలా ఉన్నాయి. థలసీమియా అనే మాటకు ఇంట్లో ఎవరికీ నోరు తిరిగేది కాదు. 'రక్తం చాలని రోగం మీద చదువుతా ఉంది మా పిల్ల' అని వాళ్ళమ్మ అందరికీ చెప్పుకునేది. అంతకన్నా బాగా వనజ కూడా ఎప్పుడూ చెప్పలేకపోయింది.

చెప్పాలంటే చాలా తేలిక. తల్లికో తండ్రికో, ఒకరికే ఆ తప్పు ఉంటే బిడ్డకు రోగం రాదు. ఆ ఒకరికీ ఏమీ కాదు... తింటారు, తిరుగుతారు, ముసలివాళ్ళవుతారు. ఇద్దరికీ ఉంటేనే చిక్కు. అప్పుడు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక పాలు. ఆ ఒక పాలు పడ్డ బిడ్డకు సొంత రక్తం ఊరదు. నెలనెలా ఎవరిదో రక్తం ఎక్కించుకుంటూ బతకాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుమే మెల్లగా గుండెలో చేరి ప్రాణం మీదికి తెస్తుంది.

సంధ్య అని ఒక పిల్ల ఉండేది.

ఫ్రీజర్‌లో మొదటి గొట్టం ఆ పిల్లదే. రక్తం ఎక్కుతున్నంతసేపూ ఒక చేత్తో రెండో చేతి గోళ్ళకు రంగు వేసుకునేది. ఎర్రటి రంగు. "గోళ్ళయినా ఎర్రగా ఉండనీ అక్కా," అనేది నవ్వుతూ. డిగ్రీ రెండో ఏడాదిలో పోయింది.

ఆ రోజు వనజ ల్యాబుకు వెళ్ళింది. మధ్యాహ్నం అన్నం తింది. సాయంత్రం సిల్క్ బోర్డ్ దగ్గర బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే కూర్చుంది. సన్నటి జల్లు. అద్దం మీద నీళ్ళు. ఏడుపు రాలేదు. రానందుకు భయం వేసింది.

కొన్నాళ్ళకు ఆ భయం కూడా పోయింది.

తర్వాత ఎందరో. పేపర్లు అచ్చయ్యాయి. శాలువాలు కప్పారు. ఏ జిల్లాలో ఏ అక్షరం తప్పిందో చూపే పటం ఒకటి తయారుచేస్తే దేశదేశాల వాళ్ళు మెచ్చుకున్నారు. పటం గోడకెక్కింది. పిల్లలు మాత్రం వస్తూనే ఉన్నారు... తెల్లటి పెదాలు, ఉబ్బిన పొట్టలు, సూదిని చూసినా ఏడవడం మానేసిన కళ్ళు. ఆ కళ్ళను వనజ గుర్తుపట్టేది. అద్దంలో రోజూ చూసేవే.

నయం చేయడం తన చేతిలో లేదు. పుట్టకముందే తెలుసుకునేలా చేయడం ఉంది. పెళ్ళికి ముందే తెలిస్తే ఇంకా మంచిది.

అందుకే కాలేజీలు తిరిగింది. కల్యాణ మంటపాలు తిరిగింది. పిల్లల రక్తం పరీక్ష చేసి, తప్పు ఉన్నవాళ్ళకు ఒక కార్డు ఇవ్వాలని కమిటీలో తీర్మానించారు. ఎరుపు వద్దన్నారు, భయపడతారని. నలుపు అసలే వద్దన్నారు. పసుపు బాగుంటుంది, శుభం అన్నారు. అందరూ ఒప్పుకున్నారు. కార్డు మీద 'పెళ్ళికి ముందు అవతలివాళ్ళకూ ఈ పరీక్ష చేయించండి' అని కన్నడంలోనూ తెలుగులోనూ వేయించారు.

ఇక గోడ మీద రాసే మాట. అది వనజే చెప్పింది.

'జాతకం చూసినట్టే రక్తమూ చూసుకోండి.'

చదువుకున్న మాటలు జనానికి ఎక్కవు. జనం మాటే కావాలి. అది ఆమె నమ్మకం. ఆ మాట ఆనేకల్ బస్సుల వెనకా, ఆసుపత్రి గోడల మీదా కనిపించింది. ఎక్కింది.

బాగా ఎక్కింది.

ఆషాఢంలో ఒక పొద్దున సొన్నప్ప వచ్చాడు.

ఆనేకల్ దగ్గర చామంతి తోట ఉన్న మనిషి. చేతిలో అరటాకు పొట్లం, దాంట్లో పూలు. భుజాల మీద ఇంకా ఆరని జల్లు. వెంట కూతురు అర్పిత, మూడో నెల. అల్లుడు అమరనాథ్, ఎలక్ట్రానిక్ సిటీలో మిషన్లు బాగుచేసే పని. స్కానింగ్ డాక్టరు వీళ్ళిద్దరి కాగితాలూ చూసి, ఉన్నపళంగా వనజ దగ్గరికి పంపింది.

సొన్నప్ప జేబులోంచి రెండు కార్డులు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

రెండూ పసుపే.

పెట్టి, నవ్వాడు. పరీక్షలో ఫస్టు వచ్చిన కూతుర్ని చూపించేవాడి నవ్వు.

"మీరు చెప్పినట్లే చేసినామమ్మా," అన్నాడు. "పాపకు కార్డు వచ్చిననాటి నుంచి కార్డు ఉండే పిల్లోని కోసమే తిరిగినాను. హోసూరు పోతి, మాలూరు పోతి. వచ్చిన సంబంధాలకంతా రక్తం చూపిస్తి. ఎవురికీ లేదు. ఆఖరికి ఈయప్ప దొరికినాడు. దోషానికి దోషం సరిపాయె."

వనజకు వెంటనే అర్థమైంది.

కుజదోషం ఉన్న పిల్లకు కుజదోషం ఉన్న పిల్లవాణ్నే వెతుకుతారు. రెండు దోషాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని నమ్మకం. ఊరూరా, ఇంటింటా, తాతల నాటి నుంచీ అంతే. జాతకం చూసినట్టే రక్తమూ చూసుకోమంది తను. సొన్నప్ప అచ్చం జాతకం చూసినట్టే చూశాడు. చెప్పులు అరిగేలా తిరిగి చూశాడు. ఎక్కడా కూడని ఇద్దర్ని, ఏరికోరి, ముహూర్తం పెట్టి కలిపాడు.

తన మాట విన్నందుకే.

వినని వాళ్ళ బిడ్డలు ఎక్కడో హాయిగా ఆడుకుంటూ ఉంటారు.

వనజ నోరు తెరిచింది. అర్పిత చేయి పొట్ట మీద ఉంది. ఇంకా పొట్ట రాలేదు, చేయి మాత్రం అప్పుడే అక్కడికి అలవాటు పడింది. అమరనాథ్ మోకాలి మీద హెల్మెట్ పెట్టుకుని, తడవకుండా తెచ్చిన స్కానింగ్ కాగితాల కవర్ని సరిచేస్తున్నాడు.

చెప్పాల్సిందంతా చెప్పలేదు.

సగమే చెప్పింది. ఇద్దరికీ ఉంది కాబట్టి నాలుగింట ఒక పాలు ప్రమాదం ఉందని, కడుపులో బిడ్డకు అంటి ఉండే మాయలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే తెలుస్తుందని చెప్పింది. సొన్నప్ప తల ఊపాడు. ఒక పాలు భయం ఏ కాన్పులో లేదమ్మా అన్నాడు. దోషం ఎట్లాగూ సరిపోయింది కదా, ఇంక దేవుడున్నాడు అన్నాడు.

సరిపోలేదు. ఆ ఒక్క మాట వనజ అనలేదు.

ఇప్పుడు చెప్పి ఏం లాభం? పెళ్ళి వెనక్కి రాదు. బిడ్డ లోపల ఉండనే ఉంది. నాలుగింట మూడు పాళ్ళు మంచే. మంచి ఫలితం వస్తే ఈ మనిషికి ఎప్పటికీ చెప్పనక్కర లేదు. కాన్పవుతుంది. పూలు పట్టుకుని వస్తాడు. అంతే.

ఆమె తనకు తాను అలా సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకోవడంలో ఆమెకు పెద్ద అనుభవమే ఉంది.

అర్పిత పరీక్షకు ఒప్పుకుంది. ఆ ముక్క తీయించుకుని, అరటాకు పొట్లం బల్ల మీద వదిలి వాళ్ళు వెళ్ళిపోయారు. గదంతా చామంతి వాసన. చాలా ఏళ్ళ తర్వాత ఆమె ఒక ఫలితం కోసం ఆశపడింది.

ఆశ పడటం ఎలా ఉంటుందో మరిచిపోయింది. పొట్లాన్ని రెండుసార్లు విప్పి, మళ్ళీ కట్టింది. అది ఆశేనని తెలియడానికి కొంతసేపు పట్టింది.

ఆ ల్యాబులో ఒక పద్ధతి ఉంది. పుట్టబోయే బిడ్డ ఫలితాన్ని ఒక్కరే చదవరు. ఇద్దరు చదువుతారు... వేరు వేరు గదుల్లో, మాటామాటా లేకుండా. చదివింది రాసి, కాగితం బోర్లా పెట్టి తెస్తారు. ఒకే బల్ల మీద ఒకేసారి తిప్పుతారు. మనిషికి ఆశ ఉంటే కన్ను తప్పు చదువుతుందని ఈ పద్ధతి పెట్టింది వనజే.

ఈసారి చదివింది వనజా, గిరిధరూ. గిరిధర్ ఆమె దగ్గర పీహెచ్‌డీ చేసి, అక్కడే ఉండిపోయాడు.

తెర మీద గీతలు. ఎరుపు, పచ్చ, నీలం, నలుపు. కొండల వరసలా ఎక్కి దిగే గీతలు. ఆ అక్షరం ఉండాల్సిన చోటికి వచ్చి ఆమె కళ్ళు ఆగాయి. అక్కడ ఒకే రంగు. రెండు రంగులు కలిసి ఉంటే సగం తప్పు, బిడ్డ బతుకుతుంది. ఒకే రంగు. తప్పుడు రంగు.

తల్లి రక్తం కలిసిందేమోనని చూసింది. కలవలేదు.

మళ్ళీ చూసింది. బయట చెట్ల మీద వాన చప్పుడు. మళ్ళీ చూసింది.

కాగితాలు తిప్పారు. రెండింటి మీదా ఒకటే మాట.

గిరిధర్ రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టాడు. తర్వాత, నేను చెప్పనా మేడమ్ అని అడిగాడు. వద్దంది వనజ. దాచి ఉంచిన మరో ముక్కతో పరీక్ష మొదటి నుంచీ మళ్ళీ చేయమంది. చేశాడు.

అదే రంగు.

శ్రావణం వచ్చింది. శుక్రవారం పొద్దున ముగ్గురూ వచ్చారు. సొన్నప్ప జరీ అంచు పంచె కట్టుకున్నాడు. అర్పిత పట్టుచీర కట్టి తలనిండా పూలు పెట్టుకుంది. మంచి మాట వినడానికి ఇంత ముస్తాబా అనుకుంది వనజ.

చెప్పింది.

ఎప్పుడూ చెప్పే గొంతుతోనే చెప్పింది. మెల్లగా, స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా. ఏళ్ళ తరబడి అరిగి నునుపు తేలిన వాక్యాలు. బిడ్డకు రెండు వైపుల నుంచీ తప్పే వచ్చింది. ఇది పెద్ద రోగం. కాన్పు వద్దనుకుంటే చట్టం ఒప్పుకుంటుంది, ఇంకా సమయం ఉంది. కావాలనుకుంటే వైద్యం ఉంది, నెలనెలా రక్తం, మందులు, ఎముక మూలుగ మార్పిడికి జత దొరికితే అదృష్టం. ఏదైనా మీ ఇష్టం. ముందు అర్పిత ఇష్టం.

ఎవరూ ఏడవలేదు.

అమరనాథ్ మళ్ళీ ఒకసారి టెస్ట్ చేస్తారా మేడమ్ అని అడిగాడు. చేశామంది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చేశామంది. అతను తల ఊపి హెల్మెట్ పట్టీని బిగించాడు, వదిలాడు, బిగించాడు.

సొన్నప్ప మాత్రం ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. కోపం లేదు. లెక్క తప్పిన చోటేదో చూపిస్తుందని ఎదురుచూస్తున్నాడు.

"ఎట్లమ్మా?" అన్నాడు. "రెండూ సరిపోయినాయి గదా."

ఇక దాటేయడానికి దారి లేదు.

"సరిపోయినందుకే ఇది, సొన్నప్పగారూ," అంది వనజ.

జాతకంలో దోషం వేరు, ఇది వేరని చెప్పింది. ఇది కొట్టేసుకోదు, కూడుకుంటుందని చెప్పింది. ఒకరికి ఉంటే ఇంకొకరికి ఉండకూడదు. ఉండకూడదనే పరీక్ష. కార్డు ఇచ్చింది కార్డును వెతకమని కాదు. ఆ రోజు సగమే చెప్పి ఆపానని కూడా చెప్పింది. అన్నీ చెప్పింది. మాటలు తన నోట్లోంచే వస్తున్నాయి, ఎవరో చదువుతున్నట్టు వినపడుతున్నాయి.

సొన్నప్ప వింటున్నాడు. వింటూ వింటూ కుర్చీలో కొంచెం కొంచెం కిందికి దిగాడు. జరీ అంచు నేలకు తగిలింది.

అర్పిత తల ఎత్తింది.

"నాకు ఒక్కదానికే ఉండుంటే?"

"బిడ్డకు ఈ రోగం వచ్చేది కాదు."

"నార్మల్ వాళ్ళను ఎవరిని చేసుకోనుండినా?"

"ఎవర్ని చేసుకున్నా."

అర్పిత బల్ల అంచును చూస్తూ మాట్లాడింది. గొంతులో ఎక్కుతగ్గులేమీ లేవు. ఆ గొంతు వనజకు తెలుసు.

"దొడ్డబళ్ళాపురం నుంచి ఒకరు వచ్చిండిరి, మేడమ్. మా కాలేజీలో సీనియర్. నన్ను అడిగే వచ్చినాడు. నాకూ ఇష్టమే. ఆయన బ్లడ్ నార్మల్ అని రిపోర్ట్ వచ్చె. నార్మల్ అని చెప్పి నాయన వద్దనె."

అమరనాథ్ కిటికీ వైపు తిరిగాడు. అతని చేయి ఆమె కుర్చీ వీపు మీద ఉంది. తీసేస్తాడనుకుంది వనజ. తీయలేదు. వేళ్ళు మాత్రం చెక్కను గట్టిగా పట్టుకున్నాయి.

"ఈయన మంచోడే," అంది అర్పిత అతన్ని చూడకుండానే. "ఆ మాట కాదు."

సొన్నప్ప నేలకు తగిలిన పంచె అంచును పైకి లాక్కున్నాడు. అతని మీద వనజకు జాలి వేసింది. వేసిందని తెలిసింది. వాన తగ్గి, గాజు మీది నీళ్ళు ఒక్కొక్కటే కిందికి పోతున్నాయి.

అప్పుడు ఫోను మోగింది.

సొన్నప్ప జేబులో. అతను తీసి, చూసి, అరచేతిలో పెట్టుకున్నాడు. ఎత్తలేదు. మోగి మోగి ఆగింది. వెంటనే మళ్ళీ మోగింది. ముఖ్యమైతే మాట్లాడండి అంది వనజ, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"మా తమ్ముడు, అశ్వత్థప్ప," అన్నాడు సొన్నప్ప ఫోను వైపే చూస్తూ. "వాని కూతురికి ఈ పొద్దు తాంబూలాలు. ఈ రిపోర్ట్ తీసుకోని అట్లే అందురమూ పోదామనుకొంటిమి. నా కోసం కాచుకోనుండారు. సంబంధం తెచ్చింది నేనే. పోయిన వారమే కుదిరె."

వనజ కుర్చీలో ముందుకు వంగింది.

"ఆ పిల్లకు..."

"పసుపు కార్డు."

"అబ్బాయికి?"

సొన్నప్ప రెండు వేళ్ళు పక్కపక్కన పెట్టి చూపించాడు. ఇంక చెప్పాల్సిన పని లేదు.

పోయిన వారం. తను నోరు మూసుకున్న రోజు తర్వాతే. ఆ పొద్దున, పక్కపక్కన పెట్టిన ఆ రెండు కార్డుల ముందు, ఇంకొక్క మాట చెప్పి ఉంటే ఈ మనిషి ఇంకొకరి గడప తొక్కేవాడు కాదు. మంచి ఫలితం వస్తుందేమోనని ఆగింది తను. అతను ఆగలేదు. మేలు చేసేవాడు ఎందుకు ఆగుతాడు?

సిగ్గు వేసింది. ముఖం మీద ఎవరో వేడినీళ్ళు చల్లినంత సిగ్గు. ఇన్నేళ్ళలో ఎందరు పోయినా కదలని లోపలిదేదో, తప్పు తనదని తెలిసేసరికి కదిలింది. అందుకూ సిగ్గు వేసింది.

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి సొన్నప్ప ఎత్తాడు.

"ఆ... అశ్వత్థా..."

అవతల సందడి. ఎక్కడుండావనీ, పిల్లోని వాళ్ళు వచ్చేసినారనీ, యాలైపోతా ఉండాదనీ ఒక గొంతు గబగబా చెప్పుకుపోతోంది. సొన్నప్ప పెదాలు కదిలాయి. మాట రాలేదు. మళ్ళీ కదిలాయి. నాయనా, నాకియ్యి అంది అర్పిత చేయి చాపి. సొన్నప్ప ఆమెకు ఇవ్వలేదు.

బల్ల మీదుగా వనజకు అందించాడు.

"మీరే చెప్పండమ్మా. ఆ మాట మీది. మీరు చెప్తే వింటారు."

తీసుకుంది.

ఫోను వేడిగా ఉంది. అతని చేతి వేడి. చెవికి ఆనించుకుంటే ఆ వేడి చెంప దాకా పాకింది. లోపలి నుంచి మేళం. సన్నాయి ఎత్తుకుంటోంది, డోలు వెంట పడుతోంది, ఆడవాళ్ళ నవ్వులు, పళ్ళేలు పెడుతున్న చప్పుడు, ఎవరో పిల్ల పరిగెత్తిన అందెల చప్పుడు.

పెళ్ళి ఆపమనడానికి తను ఎవరు? చేసుకుంటారో మానుకుంటారో వాళ్ళిష్టం. తెలిసి చేసుకుంటే దానికి పరీక్షలున్నాయి, దార్లున్నాయి. కానీ తెలియాలి. పళ్ళేలు చేతులు మారకముందే ఆ పిల్లకు తెలియాలి.

ఎలా చెప్పాలి?

జనానికి ఎక్కే మాట కోసం వెతికింది. ఒక సామెత. ఒక పోలిక. విత్తనాలు, జాతకాలు, పాలు, నీళ్ళు... ఏవేవో వచ్చాయి. ఒక్కొక్కదాన్నీ చూసి భయపడింది. దేనికైనా కాళ్ళొచ్చి ఏ ఊరికి నడిచిపోతుందో.

"ఎవురు?" అంటోంది అవతలి గొంతు. "అన్నా... ఎవురు మాట్లాడేది? మేళం వాయిస్తా ఉండారు, ఏమీ వినపడల్లే."

అర్పిత చూస్తోంది. అమరనాథ్ చూస్తున్నాడు. సొన్నప్ప కళ్ళు మూసుకున్నాడు.

"మేళం ఆపమనండి," అంది వనజ.

అవతల వినపడలేదు. సన్నాయి ఇంకా పైకి ఎక్కింది.

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆ గదిలో, ఆ ఉద్యోగంలో, ఎన్నడూ ఎత్తని గొంతుతో మళ్ళీ అంది.

"మేళం ఆపమనండి."